రెండు బాణాల రాగిపలక

యాంగోన్ నుంచి, అదే మన పాత రంగూన్ నుంచి, వచ్చి మూడు వారాలైంది. కనబడ్డ ప్రతివాడూ ఒకటే అడుగుతున్నాడు: "తెచ్చావా?" తేలేదు. మోకాళ్ళ నొప్పి, ఒక పొట్లం టీ ఆకు పచ్చడి, మా ఆవిడ కట్టుకోనని చెప్పేసిన ఒక బర్మా లుంగీ తెచ్చాను. పలక మాత్రం తేలేదు. ఎందుకు తేలేదో ఒక్కొక్కడికీ చెప్పే ఓపిక లేక, అందరికీ కలిపి ఇలా రాస్తున్నాను.

తెలియనివాళ్ళకి ముందు పలక సంగతి చెప్పాలి. స్వీడన్ దేశంలో ఒకప్పుడు వెండికి కరువు, రాగికి కొదవ లేదు. వెండి నాణెం ఎంత విలువ చేస్తుందో అంత విలువైన రాగిని పలకగా సాగగొట్టి, ఇదే డబ్బు పొమ్మన్నారు. దాలర్ అంటే అప్పటి వాళ్ళ రూపాయి. రెండు దాలర్ల పలక జానెడుకి కాస్త తక్కువ చదరం, కిలోన్నర బరువు. నాలుగు మూలలా కిరీటం, దాని కింద రాజు పేరు పొడి అక్షరాలు, సంవత్సరం. నడిమధ్య విలువ, ఆ కింద ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టిన రెండు బాణాలు. ఆ బాణాలు రాగి గనులున్న జిల్లా గుర్తు. ఎవడైనా ఒక మూల కత్తిరించుకుంటే పట్టుబడాలని అయిదు చోట్ల ముద్ర. నెల జీతం ఇంటికి తెచ్చుకోవాలంటే బండి కట్టాల్సిందే.

ఈ పలకల్ని ఉత్త రాగి కిందే ఓడలకెక్కించి మన వైపు కూడా పంపేవారు. అలా తమిళ తీరానికి బయల్దేరిన ఓడ ఒకటి ఆఫ్రికా కొసన మునిగిపోయింది. ఇవాళ మాలాంటివాళ్ళ బీరువాల్లో ఉన్నవి చాలామటుకు సముద్రంలోంచి తీసినవే. నా దగ్గర రెండున్నాయి. రెండిటినీ ఉప్పునీళ్ళు తినేశాయి, ముద్రలు చేత్తో తడిమితే గానీ తెలియవు. నీళ్ళు ముట్టని పలక ఒక్కటైనా చేతిలో పట్టుకోవాలని పదకొండేళ్ళుగా కోరిక. విశాఖ రేవు స్టోర్సులో గుమాస్తాగా రిటైరైన మనిషికి వేలంపాటల్లో కొనే తాహతు ఎక్కడిది?

అలాంటి రోజుల్లో నాణేలవాళ్ళ ఫోన్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. యాంగోన్ నుంచి నీలవేణి అనే అమ్మాయి పెట్టింది. మందుల షాపులో పని చేస్తుందట. కింద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "ఇది ఏటి? మా తాత ఒద్దంటన్నాడు." ఫోటో మసకగా ఉంది. అయినా మూల మీద కిరీటం నాకు కనబడింది. ఆ రోజు అన్నం సయించలేదు.

"పాత సామాన్లవాడికి వేసే దానికోసం దేశం దాటి వెళ్తారా?" అంది మా ఆవిడ. వెళ్ళాను.

బోటాటౌంగ్

దిగిన రోజే అలసిపోయాను. రేవు పక్క బోటాటౌంగ్ పేటలో నేనున్న గది అయిదో అంతస్తులో. లిఫ్టు ఉంది, కరెంటు లేదు. పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం ఎప్పుడొస్తే అప్పుడు అన్నాడు మేనేజరు, వాన సంగతి చెప్పినట్టు. వీధి పొడుగునా జనరేటర్ల రొద. డబ్బు మార్చుకుందామని వెళితే నా డాలరు నోటు మీద మడత ఉందని వెనక్కి తోశారు. అట్టముక్కల మధ్య పెట్టి తెచ్చుకోవాలట. చిరిగిన నోటుకి కాగితం అంటించి కూరగాయలవాడికిచ్చే మన ఊరు గుర్తొచ్చి, మర్యాదగా ఇంకో నోటు తీశాను.

టీ దుకాణంలో చిన్న పీటల మీద కూర్చోవాలి. నా మోకాళ్ళకి అది శిక్ష. మంచి విషయం ఏమిటంటే, మీరు ఒక్క టీ చెప్పినా బల్ల మీద ఫ్లాస్కు నిండా ఉత్త టీ ఊరికే పెడతారు, తాగినంత తాగొచ్చు. కుర్రాణ్ణి పిలవాలంటే పెదాలతో ముద్దు చప్పుడు చేయాలి. మా వీధిలో అలా చేస్తే చెప్పు తెగుతుంది. నేను చివరిదాకా చెయ్యెత్తే పిలిచాను, ఎవడూ పలకలేదు.

రేవు వెనక గోడౌన్ల సందులో మనవాళ్ళ అమ్మవారి గుడి ఒకటుంది. చిన్నదే. సాయంత్రం అక్కడికి రమ్మంది నీలవేణి. నేను కాస్త ముందే వెళ్ళాను. గుడి పెద్ద అక్కడే ఉన్నాడు. డెబ్భై ఏళ్ళుంటాయి, తెల్ల చొక్కా, గళ్ళ లుంగీ, బుగ్గన కిళ్ళీ. అందరూ ఆయన్ని ఊ రామూర్తి అంటున్నారు. ఊ అంటే బర్మావాళ్ళ గారు, పేరుకి ముందు వస్తుంది. ఆయన తాత రేవులో కూలి జట్లన్నిటికీ మేస్త్రీగా చేశాడట.

"ఆంద్రా నుంచేటి? ఏ ఊరు?"

"విశాఖపట్నం."

"అయితే మనోళ్ళే. మాది బీమిలి కాడ. నానెప్పుడూ ఎల్నేదనుకోండి." నవ్వి నాకు కుర్చీ వేయించాడు. అమ్మవారి వెనక అరుగు మీద ఇత్తడి ఘటాలు అయిదు బోర్లించి ఉన్నాయి. చూపిస్తూ చెప్పాడు. పూర్వం రేవులో తెలుగు కూలీలు జట్లుగా పనిచేసేవారు. జట్టుకొక ఘటం. ఇప్పుడు రేవులో మనవాళ్ళు లేరు, ఒకడు టాక్సీ నడుపుతాడు, ఒకడు ఫోన్లు బాగుచేస్తాడు. అయినా పండగనాడు ఆ జట్టు పెద్ద ఇంటివాళ్ళే ఆ ఘటం ఎత్తాలి. పూజప్పుడు కూడా ఆ ఇళ్ళవాళ్ళే అమ్మవారి ముందు వరసలో కూర్చుంటారు.

"అయిదు జట్లేనా?"

"ఆరు. ఒకటి ఒగ్గీసినాం." కిళ్ళీ ఉమ్మి వచ్చాడు. "ఎవులింటికి ఒచ్చినారు మీరు?"

"నీలవేణి తాత కొల్లి పెంటయ్య గారింటికి."

"ఓ. బాణపోళ్ళింటికా," అన్నాడు. ఆ తర్వాత నాతో పెద్దగా మాట్లాడలేదు. కాసేపటికి నీలవేణి గుమ్మం బయట నుంచే చెయ్యి ఊపింది. లోపలికి రాలేదు.

సంచౌంగ్

రెండో రోజు నీలవేణి వాళ్ళుండే సంచౌంగ్ పేటకి వెళ్ళాను. పొద్దుటి సంతలో నీలవేణి ఎదురొచ్చి మొహింగా తినిపించింది. వాలుగ చేప ఉడికించిన చిక్కటి రసంలో బియ్యపు సేమ్యా, పైన అరటి ఊచ ముక్కలు, నిమ్మకాయ. పొద్దున్నే చేపలేమిటని మొహం చిట్లించి, రెండు గిన్నెలు తిన్నాను. గిన్నె మూడు వేల చాట్‌లు, అంటే వాళ్ళ రూపాయలు. వేలు అనేసరికి జేబు తడుముకున్నాను గానీ మన లెక్కలో హోటల్ ఇడ్లీ ధర దాటదు. అమ్మాయిని అందరూ మా నీలా అంటున్నారు, ఆడపిల్లల పేరు ముందు మా అంటారు. నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను. తెలుగు బాగానే అర్థమవుతుంది, మాట్లాడేటప్పుడు మాత్రం సగం బర్మా, సగం ఇంగ్లీషు.

"అంకుల్, తాత వెయిట్ చేస్తన్నాడు. కానీ పలక ఇంట్లో నేదు. కోపం ఒద్దు."

కోపం వచ్చింది. చూపించలేదు.

వాళ్ళది నాలుగో అంతస్తు. ప్రతి బాల్కనీ నుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది, చివర ఒక క్లిప్పు, పైన ఒక గంట. కూరలవాడు, పేపరువాడు సరుకు క్లిప్పుకి తగిలించి తాడు లాగితే పైన గంట మోగుతుంది. మా నీలా నా సంచీ కూడా అలాగే తగిలించింది. నన్ను కూడా తగిలించే క్లిప్పుంటే బావుండేదనుకుంటూ మెట్లెక్కాను.

సంచీ పైకి లాగింది పెంటయ్య గారే. ఎనభై నాలుగేళ్ళు, బొంగరం అంత మనిషి. నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. కుర్చీలో కూర్చోమంటే వినలేదు.

"ఆ పలక ఇంట్లో ఎట్టుకోను బాబూ. ఏరవతల ట్వంటే ఊళ్ళో మా సెల్లి కాడ ఉంది. రేపు ఎల్లి తీసుకోండి. డబ్బులొద్దు."

నా చెవులు నేను నమ్మలేదు. ఎందుకు వద్దన్నాను.

"దొంగసొమ్ము అమ్ముకు తిన్నారంటారు," అన్నాడు ఆయన. ఆ మీదట మెల్లగా, ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయిన గొంతుతో, చెప్పుకొచ్చాడు.

ఆయన తండ్రి కొల్లి సన్యాసి. ఆరో జట్టు ఆయనదే. రేవులో ఒక పరాయిదేశపు ఓడ లంగరు గొలుసు చిక్కుపడితే, ఏటిలో మునిగి విడిపించాడట. ఆ ఓడలోని ముసలి నావికుడు తన పెట్టె తీసి ఈ పలక చేతిలో పెట్టాడట. సన్యాసి దాన్ని తువ్వాలులో చుట్టుకుని వస్తుంటే మేస్త్రీ, అంటే ఊ రామూర్తి తాత, చూశాడు.

"కిరీటం ఉంది. బాణం ఉంది. తెల్లోడి కాలం నుంచీ రేవులో పిల్లోడికైనా ఎరికే బాబూ, బాణం గుర్తుంటే సర్కారు సరుకు. ముట్టుకుంటే జైలే. తెల్లోడు ఎల్లిపోనాడు గానీ ఆ బయ్యం ఎల్నేదు. 'సర్కారు రాగి ఎత్తుకొచ్చినావు, జట్లన్నిటికీ పేరు పోద్ది' అని ఎలేసినాడు. పోలీసులకి ఇవ్వనేదు. ఇచ్చినా బాగున్ను, తేలిపోను. మా అయ్య గుడి మెట్టు మళ్ళీ ఎక్కనేదు. అప్పుడు నాకు పదేళ్ళు."

"తర్వాత?"

"తర్వాతేటి. మాము బాణపోళ్ళం." ఖాళీ కప్పు నా చేతిలోంచి తీసుకున్నాడు. "బతికుండగా ఒక్కసారి మా గటం ఎత్తాలనుండేది. ఇంక ఆశ నేదు. అది దేశం దాటి ఎల్లిపోతే, నా యెనకాల ఈ మనవరాలు గుంటనైనా ఆ మాట అనరని."

ఇక్కడ నా గురించి ఒక నిజం రాయాలి. రాయకపోతే ఈ కథనం రాయడం దండగ.

ఆయన బాణం అన్న క్షణంలోనే నాకు సంగతంతా తెలిసిపోయింది. మా స్టోర్సులో తెల్లవాళ్ళ కాలం నాటి సుత్తులు, గొలుసులు, తూకపు రాళ్ళు ఉండేవి. వాటి మీద సర్కారు బాణం ఉండేది: ఒక్కటే బాణం, కోడి కాలిముద్రలా మూడు గీతలు. ఉద్యోగమంతా ఆ గుర్తు చూస్తూ రిజిస్టర్లు రాశాను. పలక మీదివి రెండు బాణాలు, అడ్డంగా, స్వీడన్ జిల్లావి. ఆ కిరీటం కూడా స్వీడన్ రాజుదే. మేస్త్రీ పొరబడ్డాడు. ఈ ముసలాయనకి డెబ్భై నాలుగేళ్ళ అపనింద ఒక్క వాక్యంతో పోయేది. ఆ వాక్యం నా నోట్లోనే ఉంది.

నేను చెప్పలేదు. చెబితే పలక నాకు దక్కదు. ఇంకో టీ ఇస్తే తాగాను.

ట్వంటే

మూడో రోజు మా నీలా, నేను ఏరు దాటి, బస్సెక్కి, ట్వంటే వెళ్ళాం. ఎండ పొద్దున ఎనిమిదికే పేలుతోంది. బస్సులో నా పక్కన చెంపలకి చందనంలాంటి తనకా పూసుకున్న ఒక పెద్దావిడ కూర్చుని, నేను ఏ వారం పుట్టానని అడిగించింది. అక్కడ పేరు పెట్టడానికీ గుళ్ళో మొక్కడానికీ వారమే ముఖ్యం. నాకు తెలియదన్నాను. మా నీలా బర్మాలో చెప్పగానే ఆవిడ ముఖం నిండా జాలి. మన దగ్గర నక్షత్రం అడుగుతారని చెప్పబోయి, అది కూడా నాకు సరిగ్గా తెలియదని గుర్తొచ్చి ఊరుకున్నాను. ఆవిడ దిగుతూ నాకో అరటిపండు ఇచ్చింది. కుడిచేత్తో ఇస్తూ ఎడమచెయ్యి మోచేతికి ఆనించింది. అక్కడ మర్యాదగా ఇచ్చేది ఏదైనా అలాగే ఇస్తారు.

కాలవ గట్టు పొడుగునా కుండలే. ఆరబెట్టిన బానలు, కాల్చిన బానలు, పగిలిన బానలు. పెంటయ్య గారి చెల్లెలు ఎల్లమ్మ గారిల్లు ఆ బానల వెనకే. భర్త బర్మా ఆయన, కుమ్మరి, పోయి చాలాకాలమైంది. ఆవిడ మమ్మల్ని చూడగానే ముందు అన్నం పెట్టింది. గోంగూర, ఎండురొయ్యలు, వెదురు మొలకలు కలిపి వేయించిన కూర. గోంగూర వాళ్ళు కూడా మనంత ఇష్టంగా తింటారని అప్పటిదాకా నాకు తెలియదు. మూడు రోజుల్లో నేను నోరారా తిన్న అన్నం ముద్ద అదే.

పలక బియ్యం డబ్బా మూత మీద ఉంది. ఎలకలు మూత తోసుకుని లోపలికి పోకుండా బరువట.

దాన్ని చూసిన క్షణం గురించి ఎక్కువ రాయలేను. నీళ్ళు ముట్టలేదు. అయిదు ముద్రలూ నిన్న కొట్టినట్టున్నాయి. మూలల్లో కిరీటాలు, నడుమ రెండు బాణాలు, వాటి ఈకలు కూడా లెక్కపెట్టొచ్చు. ముదురు కాఫీ రంగు. ఎత్తి కళ్ళకద్దుకున్నాను. అరవై అయిదేళ్ళ మనిషిని, సిగ్గుపడాల్సింది, పడలేదు.

ఎల్లమ్మ గారు దాన్ని నా చేతిలోంచి తీసుకుని, పొడిబట్టతో బియ్యపు దుమ్ము తుడిచింది.

"మా అమ్మ బియ్యం తీసినప్పుడల్లా దీన్ని రెండు సేతుల్తో ఎత్తీది. 'మీ అయ్య కట్టార్జితమర్రా, కింద ఎట్టకండి' అనీది. మాము నవ్వీవోళ్ళం. అందరూ దొంగంటే, ఇది ఒక్కర్తీ కాదంటాదేటని. మాము కూడా దొంగనే అనుకున్నాం బాబూ. కన్నబిడ్డలం."

ఆ మాట అని, కుడిచేత్తో పలక పట్టుకుని, ఎడమచెయ్యి మోచేతికి ఆనించి నాకిచ్చింది. తీసుకున్నాను. తువ్వాలులో చుట్టి సంచీలో పెట్టుకున్నాను. అప్పుడు కూడా నోరు విప్పలేదు.

పడవ మీద

తిరుగు ప్రయాణంలో బస్సు రెండుసార్లు ఆగింది, ఒకసారి టైరుకి, ఒకసారి సంచులు తనిఖీ చేయడానికి. తనిఖీ కుర్రాడు నా సంచీలో పలకని పైకెత్తి, బరువు చూసి, ఏమిటన్నాడు. మా నీలా ఏదో చెప్పింది. అతను నవ్వి లోపల పెట్టేశాడు. ఏం చెప్పావని అడిగాను.

"బియ్యం డబ్బా మీద మూత అని చెప్పినాను."

ఏరు దాటే పడవలో కూర్చున్నాం. సంచీ నా ఒళ్ళో ఉంది. కిలోన్నర పెద్ద బరువేం కాదు, మా ఇంటికి రోజూ అంతకు రెట్టింపు కూరలు మోస్తాను. ఆ రోజు మాత్రం మోకాళ్ళు నొప్పెట్టాయి, భుజాలు నొప్పెట్టాయి, ఇంటికి పోయి పడుకుంటే చాలనిపించింది. పలక దొరికితే ఎగిరి గంతేస్తానని పదకొండేళ్ళు అనుకున్నవాణ్ణి, దొరికిన రెండు గంటలకే ఎవరికైనా ఇచ్చేస్తే బావుండునని కూర్చున్నాను. ఎల్లమ్మ గారి మాట చెవిలోంచి పోవడం లేదు.

"మా నీలా, ఒకటి చెప్పాలి," అన్నాను. చెప్పేశాను. ఒక బాణం, రెండు బాణాలు, స్టోర్సు, స్వీడన్, అంతా.

ఆ అమ్మాయి మొదట నమ్మలేదు. ఫోన్‌లో అలాంటి పలకల బొమ్మలు చూపించాను. వేలితో పెద్దవి చేసి చూసింది. ఒకటి, రెండు, పది. అన్నిటి నడుమా అవే రెండు బాణాలు.

"మీకు నిన్ననే తెల్సా అంకుల్?"

"తెలుసు."

"తాత సెప్తంటే తెల్సా?"

"తెలుసమ్మా."

"టీ తాగినారు," అంది. తిట్టలేదు. తిట్టినా బావుండేది. పడవ ఒడ్డు చేరేదాకా నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. దిగేముందు చెయ్యి చాపి, "పలక నాకివ్వండి," అంది. ఇచ్చాను. నాది కానిది ఇవ్వడానికి అంత కష్టపడడం వింతే.

మళ్ళీ బోటాటౌంగ్

నాలుగో రోజు పొద్దున మా నీలా నన్ను తిన్నగా గుడికి తీసుకెళ్ళింది. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. ఊ రామూర్తి ముందు పలక పెట్టింది. ఆయన వెనక్కి జరిగాడు, పాముని చూసినట్టు.

నేను నాకు చేతనైనంత చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. చివరికి, "రెండుంటే మాత్రం? ఒకటైనా రెండైనా బాణం బాణమే కదేటి," అన్నాడు.

"సర్కారు బాణం వేరండీ."

"మీరు సెప్తన్నారు. నానెలా నమ్మను? మా తాత మాట తప్పంటన్నారు మీరు. రేవులో ఆయన మాటంటే మాటే. అదిగో, ఆయన కొక్కెం ఇప్పటికీ అమ్మ కాళ్ళకాడే ఎడతాం పండక్కి." లోపలికి వెళ్ళి ఎర్రగుడ్డ మూట తెచ్చి విప్పాడు. మూటలు మోసే కూలీలు వాడే ఇనప కొక్కెం, కర్రపిడి, నూనె రాసి నల్లగా మెరుస్తోంది.

ముప్ఫై ఏళ్ళు స్టోర్సులో చేసినవాడికి వస్తువు చేతికొస్తే ముందు ముద్ర వెతకడం అలవాటు. పిడి పక్కన ఇనుము చదునుగా ఉన్నచోట బొటనవేలితో నూనె తుడిచాను. మూడు గీతలు. కోడి కాలిముద్ర.

మాట్లాడకుండా కొక్కెం ఆయనకి తిప్పి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. వెలుతురులోకి తీసుకెళ్ళి చూశాడు. తిరిగొచ్చి పలక మీది బాణాలు చూశాడు.

"ఇదేనా?"

"ఇదేనండీ సర్కారు బాణం." ఆయన ముఖం చూసి నాకే కష్టమనిపించి, ఉన్నమాటే చెప్పాను. "పనికని ఇచ్చిన కొక్కేలు ఇంటికొచ్చి ఉండిపోవడం మామూలే. మా స్టోర్సులో కూడా అన్నీ వెనక్కి వచ్చిన సంవత్సరం లేదు. దాన్ని దొంగతనం అనుకోలేదు ఎవరూ."

ఆయన కొక్కేన్ని మళ్ళీ గుడ్డలో చుట్టాడు. చాలాసేపు ముడి వేస్తూనే ఉన్నాడు. ఏడుపు వచ్చిందో, కోపం వచ్చిందో నాకు తెలియలేదు. ముడి బిగించి, "రేపు సుక్కురారం పూజ. అందరూ ఒస్తారు. కాయితం మీద రాసియ్యండి. అందరూ ఇన్నాక అడ్డు సెప్పీవోడు నేకపోతే, ఆరో గటం పైకి తీస్తాను," అన్నాడు.

"ఒకటి మాత్రం రాయలేను. అది సన్యాసి గారికి ఎలా వచ్చిందో నాకు తెలియదు. సర్కారుది కాదని మాత్రమే రాయగలను."

"అంతే రాయండి."

ఆ రాత్రి టిక్కెట్టు మార్చుకున్నాను. దానికి ఎంతైందో మా ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

శుక్రవారం

సాయంత్రం అయిదుకి గుడిలో ఒక అరవై మంది ఉంటారు. అయిదు ఇళ్ళవాళ్ళు ముందు వరసలో, మిగతావాళ్ళు వెనక. ఫ్యాన్లు ఆగిపోయాయి, అందరూ అట్టముక్కలతో విసురుకుంటున్నారు. పెంటయ్య గారు మనవరాలి భుజం పట్టుకుని వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు. ఎవరో కుర్చీ తెచ్చినా కూర్చోలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పలక ఆయన చంకలో ఉంది.

నేను రాసింది తెలుగులో. అక్కడ తెలుగు చదవగలవాళ్ళు లేరు, వినగలవాళ్ళున్నారు, పిల్లలకి అదీ కష్టమే. అందుకని నేను ఒక్కో వాక్యం చదవడం, ఊ రామూర్తి దాన్ని బర్మాలో చెప్పడం అనుకున్నాం. ఆయన మాట తప్పలేదు. సర్కారు బాణం ఎలా ఉంటుందో చెప్పేటప్పుడు గుడ్డ విప్పి కొక్కెం ఎత్తి చూపించాడు. మా తాతది, అని తెలుగులో కూడా తనే చెప్పాడు. నేనైతే ఆ పని చేయగలిగేవాణ్ణి కాదు.

నా కాగితం చిన్నదే. ఈ పలక స్వీడన్ దేశపు పాత డబ్బు. దీని మీది కిరీటం ఆ దేశపు రాజుది. బాణాలు ఆ దేశపు ఒక జిల్లావి. ఇది ఏ కాలంలోనూ ఈ రేవు సర్కారు సొత్తు కాదు. కింద నా సంతకం, నేను చేసిన ఉద్యోగం.

చదవడం అయిపోయింది. అడ్డు చెప్పినవాళ్ళు లేరు. అట్టముక్కలు విసురుకోవడం ఆగింది. ఇక అయిందనుకుని కాగితం మడుస్తున్నాను.

"బాబూ." పెంటయ్య గారు. గుమ్మం దగ్గర నుంచే పిలిచాడు. "అందులో మా అయ్య పేరు నేదు."

నిజమే, లేదు. పలక గురించి రాశాను. బరువు, ముద్రలు, దేశం, అన్నీ రాశాను. పలక నా కళ్ళని అంతలా కమ్మేసిందన్నమాట. దాన్ని తువ్వాలులో చుట్టుకొచ్చిన మనిషి పేరే వదిలేశాను.

నిలబడే కలం తీసి, మొదటి వాక్యం పైన రాసి, మళ్ళీ మొదటి నుంచి చదివాను. "ఆరో జట్టు పెద్ద కొల్లి సన్యాసి ఇంటికి తెచ్చిన ఈ పలక..."

ఊ రామూర్తి బర్మాలో చెప్పడానికి నోరు తెరిచి ఆగాడు. ఆ పేరు తన తాత ఈ గుడిలోంచి తీసేసిన పేరు. అయినా మొదలుపెట్టాడు. నాకు బర్మా రాదు. రెండే మాటలు తెలిశాయి.

"ఊ సన్యాసి," అన్నాడు.

పెంటయ్య గారు మనవరాలి భుజం మీంచి చెయ్యి తీశాడు. మెల్లగా నడుచుకుంటూ, జనం మధ్య నుంచి ముందు వరస దాకా వచ్చాడు. ఆ చివర కూర్చున్న ఆవిడ తన కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని పక్కకి జరిగింది. ఆయన మోకాళ్ళు పట్టుకుని, పలక ఒళ్ళో పెట్టుకుని, అక్కడ కూర్చున్నాడు.